అగ్నిద్వీపమున ఆసవాన్వేషణము

గ్రీసు దేశపు పిరేయస్ రేవునుండి దక్షిణాభిముఖముగా సాగిన ఓడ, సైక్లడీసు ద్వీపములను ఒక్కొక్కదానినే దాటి, సాంటోరినీ కొండల నడుమనున్న కాల్డెరా యను అగ్నిపర్వత కుహరపు జలములలోనికి ప్రవేశించు వేళకు ప్రయాణికులందరును పై అంతస్తునకు చేరి, ఇంచుమించు 300 మీటర్ల యెత్తున నిట్టనిలువుగా లేచియున్న చరియను, దాని నెత్తిన వరుసలు తీరిన తెల్లని యిండ్లను చూచుచు, ఛాయాచిత్రములు తీసికొనుటయందు నిమగ్నులైరి. ఆ యిండ్లు మనోహరములే. కాని యీ దీవి ద్రాక్షాసవమును గూర్చి తెలిసికొనగోరి పోవువాడు ముందుగా చూడవలసినది యిండ్లను గాదు, వాని క్రిందనున్న పొరలను. అడుగున నల్లని లావాశిల, దానిపై ఇటుకవన్నె పొర, ఆపైని బూడిదరంగు, అన్నింటికిని మీద లేత పసిమి కలిసిన తెలుపుతో మందముగా పరచుకొనిన నురుగురాతి పొర. క్రీస్తునకు పూర్వము 1600 ప్రాంతమున ఇచ్చటి అగ్నిపర్వతము బ్రద్దలై, ద్వీపముయొక్క నడిభాగము సముద్రమున క్రుంగిపోగా, అంచులుగా మిగిలిన నేలపై కురిసిన బూడిదయు నురుగురాయియునే ఆ పై పొర. అక్రోతిరి పట్టణమును పూడ్చివేసినదియు ఇదియే. 1967లో స్పిరిదోన్ మరినాతోస్ అను పురాతత్త్వవేత్త త్రవ్వకములు ప్రారంభించి వెలికి తీయువరకును ఆ వీథులు, ఆ మేడలు, ఆ గోడచిత్రములు దీని క్రిందనే మరుగుపడియుండెను. దీనిని ఇచ్చటివారు అస్పా యందురు. ద్రాక్ష పెరుగునది ఈ అస్పాలోనే.

ద్వీపముయొక్క వైశాల్యము సుమారు 76 చదరపు కిలోమీటర్లు మాత్రమే గనుక, ఇంత చిన్న చోట మంచి ఆసవమును ఎన్నుకొనుట యేమంత కష్టమని మొదట తోచును. ఫిరా పట్టణపు వీథులలో కొంతసేపు నడిచినచో ఆ భ్రమ తొలగును. ప్రతి అంగడిలోను సీసాలే. సీసాలలో అనేకముల మీద నీలి గుమ్మటపు చర్చి బొమ్మయే. ప్రతి భోజనశాలయు తన అరుగునుండియే సూర్యాస్తమయము సర్వోత్తమముగా కానవచ్చునని చాటుచుండును. సూర్యాస్తమయమునకు వెల యింతయని పట్టికలో ప్రత్యేకముగా వ్రాయరు గాని, అది గ్లాసుడు వైను ధరలో ఇమిడియే యుండును. ఆ వెల చెల్లించుటకు నాకు అభ్యంతరము లేదు, సముద్రమునందు సూర్యుడు క్రుంకుట చూడదగినదే. కాని చూచినదానికి ఇచ్చిన సొమ్మును త్రాగినదాని గుణమునకు కొలబద్దగా నెంచుట తగదు.

మన తెలంగాణపు పల్లెలలో కల్లు త్రాగుట యెరిగిన పెద్దలు మండువాకు పోయి మొట్టమొదట ధర నడుగరు. ఏ చెట్టుదని యడుగుదురు. పోతుతాడా, పరుపుతాడా, ఈతయా? ఒంటిచెట్టు కల్లా, పలుచెట్లది కలిపినదా? ఏ వేళ దింపినది, ఎవరు గీచినది? ఆ ప్రశ్నలకు సమాధానములు వచ్చిన పిమ్మటనే లొట్టి వంచుట. వైను విషయమున ప్రావీణ్యము లేని నేను, పుస్తకపాండిత్యముతో పరిమళములకు పేర్లు పెట్టు పండితుల నడుమ తడబడుటకంటె, ఈ పల్లెటూరి ప్రశ్నలనే పట్టుకొని దీవిలో తిరుగుట మేలని నిశ్చయించుకొంటిని. చెట్టునుండి మొదలిడవలెనన్నచో చెట్టును చూడవలెను గదా.

పిర్గోస్ గ్రామము దీవి నడుమ ఎత్తైన చోటనున్నది. అచ్చటినుండి మెగలోహోరి వైపునకు దిగు దారికి ఇరుప్రక్కల ద్రాక్షతోటలున్నవని విని బయలుదేరిన నాకు మొదట తోటలే కానరాలేదు. పందిళ్లు లేవు, తీగె ప్రాకించు కంబములు లేవు, తంతులు లేవు. హైదరాబాదు చుట్టుపట్ల అనాబ్-ఎ-షాహీ ద్రాక్షను తలయెత్తు పందిళ్లమీద పండించుట నెరిగిన కంటికి ఆ నేల వట్టి బీడుగా తోచెను. దగ్గరకు పోయి చూడగా, కంకరయు ఇసుకయు కలిసిన ఆ తెల్లని నేలను అంటిపెట్టుకొని, మోకాలి యెత్తైనను లేని గుండ్రని గంపలు దూరదూరముగా నున్నవి. అవి యెవరో అల్లి అచ్చట విడిచిన గంపలు గావు, ప్రాణముతోనున్న తీగెలే. ఏటేట శీతకాలమున కత్తిరింపు పనివాడు నేలమీద మోకరిల్లి, ఆ యేటి కొమ్మలలో బలమైనవానిని ఏరి, క్రిందటి యేటి చుట్టుమీద వానిని వంచి మెలివేసి గుండ్రముగా అల్లును. ఇట్లు సంవత్సరమునకొక చుట్టు చొప్పున గంప పెరుగును. వసంతమున చిగురులు వెలుపలికి వచ్చును, ఆకులు పైని కప్పుగా నిలుచును, గుత్తులు గంప లోపలి నీడలో వ్రేలాడును. దీనిని కులూరా యందురు.

ఇంత శ్రమ యెందులకని యడుగువాడు ఒక్క మధ్యాహ్నము ఆ నేలమీద నిలిచిన చాలును. వేసవియందు ఉత్తరమునుండి మెల్తెమీ యను గాలి రోజుల తరబడి వీచును. అది వట్టిగాలి గాదు, ఇసుకను ఎత్తి చెంపలమీద చల్లు గాలి. పందిరి వేసినచో ఒక్క ఋతువునకైనను నిలువదు. ఎండ సంగతి చెప్పనక్కరలేదు. వర్షము స్వల్పము, అదియు శీతకాలముననే. వేసవి నెలలలో చుక్క పడుట అరుదు. ఇక నీరెక్కడిది? రాత్రివేళ సముద్రముమీదినుండి లేచు మంచుతేమ గట్టుమీదికి ప్రాకి నేలను తాకగా, రంధ్రమయమైన నురుగురాయి దానిని పీల్చుకొని, పగటివేళ కొంచెము కొంచెముగా వేరునకు అందించును. యంత్రము ప్రవేశింపజాలని ఈ తోటలలో కోత సమస్తమును నడుము వంచి చేతితో చేయవలసినదే. ఆగస్టు మాసముననే, ఐరోపా ఖండమున అనేక ప్రదేశములందు ద్రాక్షకు ఇంకను రంగు తిరుగుచుండగనే, ఇచ్చట కోత మొదలగును.

ఎగ్జో గోనియా గ్రామ సమీపమున ఒక వృద్ధ కృషీవలుడు గంపల మధ్యనున్న గడ్డిని పీకుచుండెను. ఆంగ్లము వచ్చిన మనుమడు ప్రక్కనుండుటచే సంభాషణ సాగినది.

“తాతగారూ, ఈ గంప వయస్సెంత యుండును?” అని అడిగితిని.

“గంపకా? నా కొడుకు ఈడు. వేరు సంగతి అడిగెదవేమో, అది మా తాతకును తెలియదు నాయనా,” అని ఆయన నవ్వెను.

అది పరిహాసము గాదు. గంప ముదిరి, చుట్లమీద చుట్లు పడి, వేరునుండి చివరి కొమ్మకు నీరెక్కుట కష్టమైనప్పుడు, దానిని నేలమట్టమునకు నరికివేయుదురు. పాత వేరునుండి క్రొత్త చిగురు లేచును. దానితో మరల అల్లిక మొదలు. ఒక్కొక్క వేరు ఇట్లు అనేక గంపలను మోసి, కొన్ని చోట్ల శతాబ్దములు దాటినదని చెప్పుదురు. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున ఫిలాక్సెరా యను సూక్ష్మకీటకము ఫ్రాన్సు మొదలుగా ఐరోపాలోని ద్రాక్షతోటలను వేళ్లు కొరికి నాశము చేయగా, అమెరికా జాతి వేరుమీద తమ తీగెను అంటుకట్టి అచ్చటి రైతులు బ్రదికిరి. జిగటమన్ను దాదాపు లేని ఈ అగ్నిపర్వతపు ఇసుకలో ఆ పురుగు నిలువజాలలేదు. కనుక ఇచ్చటి తీగె నేటికిని తన సొంత వేరుమీదనే నిలిచియున్నది.

“సీసా కొనబోయిన చోట ఏ యూరి ద్రాక్షయో అడుగుము, చెప్పినయెడల తీగె వయస్సు అడుగుము. రెండింటికిని జవాబు లేని అంగడిలో మంచినీళ్లు కొనుక్కొని బయటికి రమ్ము,” అని ఆ వృద్ధుడు మనుమనిచేత చెప్పించి, మరల గడ్డిమీదికి వంగెను. మండువా ప్రశ్నలు ఏజియన్ సముద్రమునకు ఈవలను ఆవలను ఒక్కటే యని నాకు ధైర్యము కలిగెను.

ఈ దీవికి పేరు తెచ్చిన ద్రాక్ష అసిర్తికో. తెల్లనిది. ఎండకు ఎంత పండినను పులుపును విడువకుండుట దీని అపూర్వ లక్షణము. తీపియెల్ల మద్యసారముగా మారి నూటికి పదునాలుగు పాళ్ల వరకు పోయినను, నాలుకకు మాత్రము నిమ్మతొక్కవలె చురుకుగనే యుండును. మన ఆలంకారికులు కావ్యపాకములను ద్రాక్షా కదళీ నారికేళములని విభజించి, నోటనిడినంతనే రసమిచ్చుదానికి ద్రాక్షాపాకమని పేరిడిరి. ఆ మహనీయులు అసిర్తికోను రుచిచూచియుండిరేని ద్రాక్షను ఆ స్థానమున నిలుపుటకు సందేహించియుందురు. మొదటి గుక్కలో ఇది ఏమియు ఈయదు. పులుపు, ఉప్పుదనము, తడిసిన రాతివాసన, అంతే. మంచుపెట్టెనుండి అప్పుడే తీసి తెచ్చినదైనచో అదియును లేదు, చలువ మాత్రమే. గ్లాసును అట్లే యుంచి, కొంత వెచ్చబడనిచ్చి, నడుమ రెండు ముద్దలు తిని మరల పుచ్చుకొనునప్పుడు గాని లోపలి రసము తెలియదు. ఇది నిస్సంశయముగా నారికేళపాకము. శ్రమపడి పెంకు పగులగొట్టినవానికే ఫలము. మొదటి గుక్కకే మెచ్చుకొని పోవలెనను త్వర గలవారు ఇందులో ఆతిరి, ఐదాని యను మరి రెండు తెల్లని ద్రాక్షలు కలిపినదానిని ఎన్నుకొనుట మేలు. మొదటిది మెత్తదనమును, రెండవది పువ్వుల సువాసనను ఇచ్చును. నా మట్టునకు, కలుపని అసిర్తికోయే ప్రియము.

మరియొక సంగతి. తెల్లని వైనును ఆ యేటిదే త్రాగవలెనను నమ్మకము లోకమున వ్యాపించియున్నది. సాంటోరినీలో అంగడివారు క్రొత్త సంవత్సరపు సీసానే ముందు పెట్టుదురు, అది త్వరగా చెల్లవలెను గనుక. వెనుక అరలో నాలుగైదేండ్ల క్రిందటిది యున్నదేమోయని యడిగినచో, కొందరు ఆశ్చర్యపడుదురు, కొందరి ముఖము వికసించును. ముఖము వికసించినవాని వద్దనే కొనుట మంచిది. మంచి తోటనుండి వచ్చిన అసిర్తికో పదేండ్లయినను చెడక, పులుపు మెత్తబడి, తేనెమైనపు వాసన తెచ్చుకొనును.

సీసామీది వ్రాతను గూర్చి కొంత చెప్పవలెను. 1971లో సాంటోరినీ పేరు ఉత్పత్తిస్థానముగా చట్టరక్షణ పొందినది; ఆ ముద్ర గల సీసాలోనిది ఈ దీవి నేలలో పండినదని నమ్మవచ్చును. సైక్లడీసు అని మాత్రమే వ్రాసియున్నది విశాలతరమైన కట్టుబాటునకు లోబడినది. అందులో సామాన్యమైనవి కలవు. అయినను ఈ సూత్రమును గ్రుడ్డిగా పట్టుకొనరాదు. ఆ రక్షిత నామము తీపి లేని తెల్లని వైనులకును విన్సాంతో యను తీపి వైనునకును మాత్రమే చెందును. ఎర్రనివెంత శ్రేష్ఠములైనను సైక్లడీసు ముద్రతోనే రావలెను. మావ్రోత్రాగనో యను ఎర్రని ద్రాక్ష ఒకప్పుడు దాదాపు నశించిపోవు స్థితికి వచ్చెను. 1990 తరువాతి కాలమున పారిస్ సిగాలాస్, హరిదిమోస్ హాజిదాకిస్ వంటి వారు దానిని ప్రత్యేకముగా సీసాకెక్కించి తిరిగి నిలిపిరి. ముదురు రంగు, గట్టి వగరు, నేరేడుపండు తిన్నట్టి నాలుక. ముద్రను మాత్రమే నమ్మువాడు దీనిని పోగొట్టుకొనును.

సాధారణ భోజనశాలలలో హీమా యను విడివైను దొరకును. దానిని గ్రీకులు లీటరు లెక్కన గాక కిలో, అరకిలో యని అడుగుదురు. లోహపు చెంబులోనో గాజు కూజాలోనో తెచ్చి బల్లమీద పెట్టుదురు. యాత్రికులు దీనిని అగౌరవముగా చూతురు, లేదా అదియే అసలైన గ్రామీణామృతమని స్తుతింతురు; రెండును అతిశయోక్తులే. ఎంపోరియో గ్రామమున తోటగల కుటుంబము నడుపు చిన్న భోజనశాలలో పోసినది ముతకగా నున్నను నిజాయితీ గలది. అది వారి తోటదేనని వంటింటినుండి వచ్చి పోసిన ఇల్లాలు చెప్పినది, ఏ ప్రక్క తోటయో వ్రేలితో చూపినది. కాల్డెరా అంచున మరియొక చోట పోసినది మాత్రము ఎక్కడిదో వడ్డించినవానికి తెలియదు. ప్రధాన భూభాగమునుండి పీపాలలో వచ్చినదైనను నేను ఆశ్చర్యపడను.

ఈ ఆసవమును భోజనము లేకుండ పరీక్షించుట అన్యాయము. కేసరిపప్పు జాతికి చెందిన ఒక పప్పుధాన్యమును ఇచ్చట ఫావా యందురు. దానిని మెత్తగా ఉడికించి మెదిపి, ఉల్లిపాయయు, ఊరవేసిన కేపర్ మొగ్గలును, ఓలివ్ నూనెయు పైని వేసి పెట్టుదురు. అక్రోతిరి శిథిలములలోను ఈ గింజలు దొరికినవట! నీరులేని నేలలో పండిన చిన్న టొమేటోలను ఉల్లితో పుదీనాతో కలిపి వేయించిన పకోడీలు, తెల్లని వంకాయ, బొగ్గులమీద కాల్చిన అష్టపాదము. ఇవి వచ్చిన పిమ్మట, అంతకు ముందు గ్లాసులో దురుసుగా తోచిన పులుపు తన పని యేమో తెలిసికొనినట్లు నూనెను కోసి, ఉప్పుతో చేతులు కలిపినది.

ద్వీపమున వైను తయారుచేయు స్థలములను సందర్శించుట సులువు. వానిలో కొండ తొలిచి కట్టిన పాత గుహాగృహములను కానవా యందురు. ఎపిస్కోపీ దగ్గర అర్గీరోస్ కుటుంబము 1903 నుండి ఈ వృత్తిలోనున్నది. వారి పాత తీగెల వైను నాకు అన్నింటికంటె గంభీరముగా తోచినది. ఓయా గ్రామము క్రింది మైదానమున సిగాలాస్, పిర్గోస్ వద్ద హాజిదాకిస్, మెగలోహోరిలో గవాలాస్. కాట్సానో యను మరుగుపడిన ద్రాక్షతో ఈ చివరివారు చేయునది కుతూహలము గలవారు అడిగి చూడవలెను. వెనెత్సానోస్ వారిది 1940ల దశాబ్దమున అతీనియోస్ రేవుమీది చరియలో అంతస్తులుగా కట్టినది. ద్రాక్ష పైఅంతస్తున దిగి, రసము తన బరువుతోనే క్రిందికి ప్రవహించునట్లు అమర్చిరి, విద్యుత్తు లేని కాలపు తెలివి. సముద్రపుటొడ్డున పాత టొమేటో కర్మాగారములో వెలసిన గాయా వారు కొన్ని సీసాలను సముద్రపు టడుగున ఏండ్ల తరబడి ఉంచి తీయుదురు. శంఖములు, నాచు పట్టిన ఆ సీసాలు చూడ ముచ్చటగా నున్నవి, ధర వినుటకు అంత ముచ్చటగా లేదు. వారి మామూలు థలసీతీస్ వైనుతోనే నేను సంతుష్టుడనైతిని. రైతుల సహకార సంఘమైన సాంటో వారి విశాలమైన అరుగున గుంపులు మెండు. తొందరలో పోసి తొందరలో తీసివేయుదురు గాని, దీవిలోని చిన్న రైతులలో అనేకుల ద్రాక్ష చేరునది అచ్చటికే గనుక ఆ సంస్థను చిన్నచూపు చూడరాదు.

నిక్తేరి యను మరియొక తెల్లని రకము కలదు. పూర్వము పగటి వేడికి రసము చెడకుండ, కోసిన ద్రాక్షను ఆ రాత్రియే త్రొక్కి తీసెడివారు. బాగుగా పండినదానితో చేసి కొన్ని నెలలు పీపాలో ఉంచుటచే ఇది బలిష్ఠము. పీపా కొయ్య వాసన ముందుకు వచ్చినవి కొన్ని నాకు రుచింపలేదు. అది ఏ దేశపు వైనుకైనను పూయదగిన అత్తరు.

విన్సాంతో సంగతి వేరు. బాగుగా పండిన ద్రాక్షను రెండు వారముల వరకు ఎండలో నేలపై పరచి, ఎండుద్రాక్ష కాబోవు వేళకు త్రొక్కి, ఆ చిక్కని రసమును పులియబెట్టి, కనీసము రెండేండ్లు పీపాలలో నిలుపవలెనని నియమము. మంచివారు పదియేండ్లు, ఇరువదియేండ్లును ఉంచుదురు. కుంకుడుపండు రంగు, ఎండు అత్తిపండు, కాల్చిన చక్కెర, కాఫీపొడి వాసన. ఇంతటి తీపిని అసిర్తికో పులుపు ఒక్కటియే వెగటు కాకుండ నిలిపియుంచును. పందొమ్మిదవ శతాబ్దమున సాంటోరినీ ఓడలు దీనిని నల్లసముద్రము దాటించి రష్యాకు చేర్చెడివి. అచ్చటి ఆర్థొడాక్స్ చర్చిలలో ఆరాధనకు ఇది వాడుకయయ్యెను. 1917 విప్లవముతో ఆ బేరము ముగిసినది. ఇందు ఎన్నుకొనుట సులభము: పీపాలో ఎన్నేండ్లున్నదో సీసామీదనే చూడుము, ఎక్కువ యేండ్లదానిని చిన్న సీసాలో కొనుము.

1956 జూలై భూకంపము పిమ్మట అనేకులు దీవి విడిచి పోయిరి; తరువాత యాత్రికులు వచ్చిరి, తోటలున్న చోట హోటళ్లు లేచినవి. ద్రాక్ష విస్తీర్ణము పూర్వముతో పోల్చిన సగమునకు మించి తరిగినది. ఇటీవలి అనావృష్టులతో దిగుబడి మరింత క్షీణించి, ఇచ్చటి ద్రాక్ష గ్రీసు దేశమంతటిలోను మిక్కిలి ప్రియమైనదైనది. కనుక సాంటోరినీ సీసా చవుకగా దొరకినచో సందేహింపవలెనే గాని సంతోషింపరాదు.

భారతదేశమునకు తిరిగి వచ్చు ప్రయాణికుడు సుంకము లేకుండ రెండు లీటర్ల మద్యమును తెచ్చుకొనవచ్చును. ముప్పాతిక లీటరు సీసాలు రెండు, అరలీటరు విన్సాంతో ఒకటి: లెక్క సరిగా రెండు లీటర్లు. విన్సాంతో విషయమున విచారణ లేదు. మిగిలిన రెండింటికి మావ్రోత్రాగనో, నిక్తేరి, రెండు గ్రామముల అసిర్తికోలు పోటీపడినవి. నిక్తేరిని ముందే విడిచితిని. ఎర్రనిదానిని చాలసేపు చేతబట్టుకొని, అటువంటి వగరు వేరొక దేశమున దొరకవచ్చునని తలచి అరలో పెట్టితిని. ఎపిస్కోపీ పాతతీగెలది ఒకటి, పిర్గోస్ ఎత్తు నేలది ఒకటి, రెండును నాలుగేండ్లు నిలిచినవి, అంగడివాడు పాత పత్రికలలో చుట్టి యిచ్చెను. ఏ ప్యాకెట్టు ఏ యూరిదో తెలియునట్లు ఒకదానిపై గీత గీయుమని అడిగితిని.